పొరుగువారి పోటీకి తేదీ నిర్ణయించేది ఎవరు?

"ఆట ముఖ్యం గాని, అది ఏ రోజున జరిగితేనేం?" అని అడిగేవారు లోకంలో ఎప్పుడూ ఉంటారు. పిల్లలకు సెలవులు కలిసివస్తాయని సంక్రాంతిని మే నెలకు మార్చితే ఏమవుతుందో ఆలోచించని బుద్ధిమంతులు వీరు. అరిసెలు అప్పుడూ వండుకోవచ్చు. ముగ్గులు అప్పుడూ పెట్టుకోవచ్చు. కాని అది సంక్రాంతి మాత్రం కాదు. అమెరికాలో కళాశాలల క్రీడలను నడిపే పెద్దలు కొంతకాలంగా ఇటువంటి పనే చేస్తున్నారు. వారి ధోరణికి ఉదాహరణగా లాక్రోస్ అనే ఆటలోని ఒక పాత పోటీని తీసుకొని నా అభిప్రాయం మనవి చేస్తాను. తరతరాలుగా వస్తున్న పొరుగు పోటీకి తేదీ నిర్ణయించే హక్కు ఆ రెండు విద్యాసంస్థలదీ, వాటి ఊళ్ళదీ. అది కూటములదీ కాదు, టెలివిజను కంపెనీలదీ కాదు. ఇదే నా వాదం.

ముందుగా ఆటను గురించి రెండు మాటలు. కొసన వల అల్లిన పొడవాటి కర్రతో చిన్న రబ్బరు బంతిని పట్టి, విసిరి, ప్రత్యర్థి గోలులో వేయడమే లాక్రోస్. పురుషుల మైదానపు ఆటలో పక్షానికి పదిమంది ఉంటారు. ఉత్తర అమెరికా ఆదివాసులైన హోడెనొషోనీ ప్రజలకు ఇది వట్టి వినోదం కాదు. సృష్టికర్త మెచ్చే ఆటగా, రోగి స్వస్థత కోరి ఆడే క్రతువుగా వారు దీనిని భావించారు. అంటే ఎప్పుడు ఆడాలో, ఎందుకు ఆడాలో ఆ జనమే నిశ్చయించుకునేవారు. 1867లో మాంట్రియల్ నగరపు దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ దీనికి నియమావళి వ్రాసిన తరువాత ఆట తెల్లవారి క్లబ్బులకూ కళాశాలలకూ వ్యాపించింది. ఆటను కన్నవారినే 1880లో కెనడా అమెచ్యూర్ పోటీలనుండి బహిష్కరించారు. ఆట ఒకరిది, అధికారం మరొకరిది అన్న జాడ్యం ఈనాటిది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక మన పోటీ. మేరీలాండ్ రాష్ట్రంలో బాల్టిమోర్ నగరాన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, కాలేజ్ పార్క్ అనే ఊళ్ళో మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఉన్నది. మొదటిది ప్రైవేటు సంస్థ, పరిశోధనకు పేరుపడినది. రెండవది రాష్ట్ర ప్రభుత్వపు పెద్ద విశ్వవిద్యాలయం. మిగిలిన ఆటలన్నింటిలో హాప్కిన్స్ మూడవ శ్రేణి పోటీలలోనే ఆడుతుంది. లాక్రోస్ ఒక్కదానిలో మాత్రం మొదటి శ్రేణి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ, 1932లో లాస్ ఏంజెలెస్‌లోనూ ఒలింపిక్స్ సందర్భంగా జరిగిన లాక్రోస్ ప్రదర్శనలలో అమెరికా తరఫున ఆడినది ఈ కళాశాల జట్టే. ఈ రెండు సంస్థలూ మొట్టమొదట తలపడినది 1895లో. అప్పటినుండి నేటికి నూరుకు మించి ఆటలు జరిగాయి. 1973లో జాతీయ టోర్నమెంటు ఫైనల్‌లో మేరీలాండ్ రెండు అదనపు ఘట్టాలు ఆడి 10–9 తేడాతో హాప్కిన్స్‌ను గెలిచింది. మరుసటి సంవత్సరం అదే మెట్టున హాప్కిన్స్ 17–12తో బదులు తీర్చుకున్నది. ఇది ఎవరో ప్రకటనలు గుప్పించి పుట్టించిన వైరం కాదు. ఒక తరం చూచి మరొక తరానికి అప్పగించిన సొత్తు.

ఈ సొత్తుకు చిక్కు ఎక్కడ వచ్చింది? అమెరికాలో విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్స్ అనే పేరుతో కూటములుగా ఏర్పడి పరస్పరం ఆడుకుంటాయి. మేరీలాండ్ 1953లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను స్థాపించిన సంస్థలలో ఒకటి. అటువంటిది 2012 నవంబరులో ఆ కూటమిని వీడి, మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్‌లో చేరబోతున్నట్లు ప్రకటించి, 2014లో చేరింది. పాత కూటమి 5 కోట్ల డాలర్లకు పైగా పరిహారం అడిగింది. వ్యాజ్యాలు నడిచాయి. తుదకు 3 కోట్ల 13 లక్షల డాలర్ల పైచిలుకుతో రాజీ కుదిరింది. ఇంత వ్యవహారం లాక్రోస్ కోసం జరిగిందని ఎవరూ భ్రమపడనక్కరలేదు. ఫుట్‌బాల్ ప్రసారాల సొమ్ము కోసం జరిగింది. వర్జీనియాతోనూ, నార్త్ కెరొలినాతోనూ ఏటేటా తప్పక జరిగే లాక్రోస్ ఆటలు మాత్రం ఆ ఒక్క సంతకంతో హామీ కోల్పోయాయి. ఏనుగులు కుమ్ములాడుకుంటే నలిగేది గడ్డిపరకలే కదా.

హాప్కిన్స్ కథ వేరు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లు, లాక్రోస్‌లో ఏ కూటమిలోనూ చేరక స్వతంత్రంగా నిలిచిన సంస్థ అది. ఎవరితో ఎప్పుడు ఆడాలో తానే నిశ్చయించుకునేది. కాని జాతీయ టోర్నమెంటులో దాదాపు సగం స్థానాలు కూటముల విజేతలకే నేరుగా పోతున్నాయి. స్వతంత్రులు మిగిలిన స్థానాలకోసం కమిటీ దయకు ఎదురుచూడవలసిందే. 1972 నుండి 2012 వరకు 41 సంవత్సరాలు వరుసగా టోర్నమెంటుకు వెళ్ళిన హాప్కిన్స్‌కు 2013లో పిలుపు రాలేదు. ఆ సంవత్సరమే జూన్‌లో, లాక్రోస్ మట్టుకు బిగ్ టెన్‌లో అనుబంధ సభ్యత్వం స్వీకరిస్తున్నట్లు ప్రకటించింది. అటు బిగ్ టెన్ అవసరమూ తక్కువదేమీ కాదు. టోర్నమెంటుకు నేరుగా స్థానం దక్కాలంటే కూటమిలో ఆరు జట్లుండాలి. మేరీలాండ్, రట్గర్స్‌లను కలుపుకున్నా పురుషుల లాక్రోస్ ఆడేవారు ఐదుగురే. ఆరవది హాప్కిన్స్ అయింది.

ఇక్కడ పూర్వపక్షులు లేచి, "చూచితిరా, కూటమి వల్లనే గదా ఈ పోటీ నిలిచింది? ఏప్రిల్‌లో ఏటా జరుగుతున్నది. పైగా గెలిచినవారికి చెక్కతో మలచిన పీతను బహుమతిగా ఇస్తున్నారు. మీకు ఇంకేం కావాలి?" అంటారు. చెసపీక్ అఖాతపు పీత ఆ రాష్ట్రానికి గర్వకారణం. ఆ బహుమతి ముచ్చటగానే ఉన్నది. పోటీ నిలిచిన మాటా నిజమే. కాని కూటమి నిలిపింది గనుక కూటమిదే హక్కు అనడం తర్కం కాదు. ఇల్లు తగలబడకుండా నీళ్ళు చల్లిన పొరుగువానికి కృతజ్ఞత చెప్పాలి గాని, ఇంటి దస్తావేజు వ్రాసి ఇవ్వనక్కరలేదు. ఆ నిప్పు పెట్టినది కూటముల పందెమే అయినప్పుడు అసలే అక్కరలేదు.

ఈ రక్షణకు చెల్లించిన మూల్యాన్నీ చూడాలి. బాల్టిమోర్‌లో చార్లెస్ వీధి మీదనే హాప్కిన్స్‌కు కూతవేటు దూరంలో లయోలా విశ్వవిద్యాలయం ఉన్నది. ఈ రెండింటి ఆటకు స్థానికులు పరిహాసంగా చార్లెస్ వీధి ఊచకోత అని పేరు పెట్టుకున్నారు. ఆ ఆట ఋతువు చివర, వసంతపు ఎండలో జరిగే ఆనవాయితీ ఉండేది. కూటమిలో చేరిన తరువాత ఋతువు చివరి వారాలు కూటమి ఆటలకు చెందిపోయాయి. నడిచి వెళ్ళగల పొరుగువారి ఆట ఋతువు ఆరంభానికి, ఫిబ్రవరి చలిలోకి జరిగింది. ఒక పొరుగు పోటీని కాపాడడానికి మరొక పొరుగు పోటీని చలిలోకి నెట్టడం ఏ రకపు రక్షణ?

దీని పరాకాష్ఠ 2021లో కనిపించింది. కోవిడ్ మూలంగా 2020 మార్చిలో ఋతువు అర్ధాంతరంగా రద్దయి, ఆ ఏడు హాప్కిన్స్, మేరీలాండ్‌లు ఆడనే లేదు. అది విధి వైపరీత్యం, ఎవరినీ తప్పుపట్టలేము. మరుసటి ఏడు బిగ్ టెన్ తన జట్లు తమలో తామే ఆడాలని శాసించింది. ఆరు జట్లు ఒకరితో ఒకరు రెండేసి మార్లు ఆడాయి. హాప్కిన్స్, మేరీలాండ్‌లు ఆపైన కూటమి టోర్నమెంటు ఫైనల్‌లో మూడవసారి కూడా తలపడ్డాయి. ప్రయాణమే ప్రమాదమైన ఆ కాలంలో మిషిగన్, ఒహాయోల జట్లతో ఆడవచ్చునట. అదే వీధిలోని లయోలాతో మాత్రం ఆడరాదట! అంటురోగానికి దూరం తెలుస్తుంది గాని కూటమి పేరు తెలుస్తుందా? కూటమి లోపల అందరికీ ఒకే రకపు పరీక్షలు జరుగుతాయని సమాధానం చెప్పారు. పరీక్షల పద్ధతి పొరుగువారు కూడా పాటించేటట్లు ఒప్పందం చేసుకోవడం అసాధ్యమా? తేదీల మీద అధికారం ఎక్కడ ఉన్నదో, విచక్షణ అక్కడ లేదని అప్పుడే తేలిపోయింది.

రెండవ పూర్వపక్షం లెక్కల వారిది. జాతీయ టోర్నమెంటుకు జట్లను ఎంపిక చేసేటప్పుడు ప్రత్యర్థుల గెలుపోటములను కూడా గుణించి ఒక సూచిక కడతారు. బలవంతునితో ఆడితే మంచిది. బలహీనునితో ఆడితే గెలిచినా సూచిక తగ్గవచ్చు. కనుక శిక్షకులు తేదీలు కుదుర్చుకునేటప్పుడు "వీరితో ఆడితే మాకేమి లాభం?" అని చూడక తప్పదంటారు. వారి ఉద్యోగాలు వారివి, నేను కాదనను. కాని పొరుగు పోటీ విలువ ఆ సూచికకు అందదు. ఎంత బలహీనమైన ఏట అయినా పొరుగువాడు మీదపడి గెలవగలడన్న భయమే ఆ పోటీకి ప్రాణం. హాప్కిన్స్‌కు జాతీయ బిరుదులు 44 ఉన్నాయి. కాని ఎన్‌సీఏఏ టోర్నమెంటులో అది చివరిసారి గెలిచినది 2007లో. మేరీలాండ్ 1975 తరువాత మళ్ళీ గెలవడానికి 2017 దాకా ఆగవలసివచ్చింది. పిమ్మట 2022లో ఒక్క ఆటైనా ఓడకుండా గెలిచింది. వీరిలో ఎవరు ఏ దశాబ్దంలో లాభసాటి ప్రత్యర్థి? సూచికను నమ్ముకొని ఉంటే ఈ పోటీ ఎన్నిమార్లు ఆగిపోయి ఉండేది!

మూడవ వాదం టెలివిజనుది. "ప్రసారం వల్లనే దేశమంతా చూస్తున్నది, సొమ్ము వస్తున్నది. వారు కోరిన వేళకు ఆడితే తప్పేమిటి?" ప్రసారం వద్దని నేననను. బాల్టిమోర్ పరిసరాలలో చదువుకుంటున్న, కాపురముంటున్న మన తెలుగు పిల్లలే ఆ ఆటను తెర మీద చూసి నేర్చుకుంటున్నారు. కాని ప్రసారకర్త అతిథి. అతిథికి పెద్దపీట వేయాలి గాని, పెండ్లి ముహూర్తం అతడిచేత పెట్టించరాదు. సంస్థలు గట్టిగా నిలబడితే టెలివిజను సర్దుకుంటుందనడానికి ఆ దేశంలోనే దృష్టాంతం ఉన్నది. ఆర్మీ, నేవీ విద్యాలయాల ఫుట్‌బాల్ ఆటను 2009లో డిసెంబరు రెండవ శనివారానికి మార్చి, దానికంటూ ఒక రోజును ప్రత్యేకించారు. ఆ తేదీ మార్పులోనూ ప్రసారపు ఆలోచన లేకపోలేదు. అయినా ఆ రోజు ఆ ఆటదే అన్న మాట లోకానికి తెలిసింది. గౌరవం కోరినవారికే దక్కుతుంది.

హోమ్‌వుడ్ మైదానంలో 8,500 మందికి చోటున్నది. ఫలానా శనివారం ఆట అని పది సంవత్సరాల ముందే తెలిస్తే, తాత మనుమడితో వస్తాడు, పూర్వ విద్యార్థి దూరదేశంనుండి వస్తాడు. "తేదీ, వేళ తరువాత ప్రకటిస్తాము" అంటే వచ్చేవారు తగ్గి, తెరముందు కూర్చునేవారు మిగులుతారు. తెరముందు కూర్చున్నవానికి మరొక ఆట ఒక మీట దూరంలోనే ఉంటుంది. అట్టివానిని నమ్ముకొని నూరేళ్ళ పోటీ నిలవదు.

బాలికల పోటీల సంగతి ఇంకా విచారకరం. హాప్కిన్స్ మహిళల జట్టు కూడా 2017 ఋతువు నుండి బిగ్ టెన్‌లోనే ఆడుతున్నది. 2024లో పసిఫిక్ తీరపు ఆరెగన్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు ఆ కూటమిలో చేరాయి. అట్లాంటిక్ తీరానికీ పసిఫిక్ తీరానికీ నడుమ ఖండమంత దూరం. చదువుకునే పిల్లలు ఒక ఆటకోసం ఆ దూరం ఎగిరి వెళ్ళాలి. ఆ ప్రయాణాలు ఇమిడిన పట్టికలో పొరుగు ఆటకు మిగిలేది ఏ మూల? చదువు పేరు పెట్టుకున్న సంస్థలు చేయవలసిన పనేనా ఇది?

దూషించి ఊరుకోవడం సులభం గనుక చేయవలసినదీ చెబుతాను. హాప్కిన్స్, మేరీలాండ్‌లు తమ ఆటకు ఏప్రిల్‌లో ఒక శనివారాన్ని పేర్కొని, ఒక ఏడు అక్కడా ఒక ఏడు ఇక్కడా ఆడేటట్లు, కూటమితో నిమిత్తం లేని ఒడంబడిక వ్రాసుకోవాలి. రేపు ఎవరు ఏ కూటమికి ఫిరాయించినా ఆ ఒడంబడిక చెల్లాలి. ప్రతి సంస్థా నడక దూరపు పొరుగువారితో ఒక ఆటను ఋతువు చివరి భాగంలో ఆడుకునేందుకు కూటములు ఒక వారం వదిలిపెట్టాలి. ఆపత్కాలంలో ముందుగా రద్దు కావలసినవి దూరపు ఆటలు. పొరుగు ఆట చిట్టచివరగా రద్దు కావాలి.

ఈ ఆట మనకు పూర్తిగా పరాయిది కాదు. 2023 అక్టోబరులో మన ముంబయిలో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమే 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలలో క్రికెట్‌తోపాటు లాక్రోస్‌నూ చేర్చింది. ఒలింపిక్స్‌లో చేరడం గొప్పే. కాని ఆటను బ్రతికించేది నాలుగేళ్ళకొకసారి వచ్చే ఆ వైభవం కాదు. ఫలానా శనివారంనాడు పొరుగూరివాడు తప్పక వస్తాడన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని విక్రయించే అధికారం ఏ కూటమి అధ్యక్షునికీ లేదు.