ఊరి పొగ, అడవి గాయం

1950లలో లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న శాన్ బెర్నార్డినో కొండల్లో పాండరోసా పైన్ చెట్లకు అంతుచిక్కని తెగులు పట్టుకుంది. సూదుల్లాంటి ఆకులు పసుపు మచ్చలతో పాలిపోయి, కాలం తీరకముందే రాలిపోసాగాయి. కారణం తేలక దానికి ‘ఎక్స్ జబ్బు’ అని పేరు పెట్టారు. 1963లో శాస్త్రవేత్త పాల్ మిల్లర్ బృందం పైన్ కొమ్మలకు ఓజోన్ పట్టించి చూస్తే అవే మచ్చలు వచ్చాయి. కొండ కింది మహానగరం వదిలిన పొగే ఆ చెట్లను కాల్చింది. అలా నీరసించిన వాటిని బెరడు తొలిచే పురుగులు చంపేశాయి.

ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండే ఓజోన్ పొర మనకు రక్ష. అదే వాయువు నేలమీద విషం. ఇది ఏ గొట్టం నుంచీ నేరుగా రాదు. వాహనాలు, కర్మాగారాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిరి వంటి కర్బన వాయువులు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఈ సంగతి తేల్చిన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ తర్వాత కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి తొలి అధ్యక్షుడయ్యారు.

ఇందులో ఒక మెలిక ఉంది. వాహనాల రద్దీ ఉన్నచోట తాజా పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను కొంత హరిస్తుంది. ఊరు దాటాక ఆ అడ్డు ఉండదు. అందుకే కాలుష్యం పుట్టిన వీధిలోకన్నా గాలివాలున ఉన్న పల్లెల్లో, కొండల్లో ఓజోన్ ఎక్కువగా పోగవుతుంది. కొండలమీద రాత్రిళ్లూ నిలిచిపోతుంది. పత్రరంధ్రాల గుండా ఆకులోకి చేరి కణాలను దెబ్బతీస్తుంది. కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, చెట్టు ఎదుగుదల తగ్గుతుంది.

ఈ నష్టాన్ని ఐరోపా 1985లో మొదలైన ‘ఐసీపీ ఫారెస్ట్స్’ కార్యక్రమం కింద అడవిలోనే కొలుస్తోంది. గాలి నమూనాలు పట్టే, కరెంటు అక్కర్లేని చిన్న పరికరాలు పెడుతున్నారు. ఏటా ఆకులమీది మచ్చలు పరిశీలిస్తున్నారు. పగటివేళ గాలిలో 40 పీపీబీకి (వంద కోట్ల భాగాల్లో 40 భాగాలకు) పైబడిన ఓజోన్‌ను మాత్రమే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గంటగంటకూ కూడుతూ పోతే, ఆ మొత్తం 5,000 పీపీబీ-గంటలు దాటిన అడవికి ముప్పున్నట్టే లెక్క. గాలిలో ఎంత ఉందన్నదొక్కటే చాలదనీ అక్కడ గుర్తించారు. నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి, ఆకు నిజంగా పీల్చిన మోతాదును లెక్కగట్టే పద్ధతికి మళ్లారు.

మన దేశంలో ఓజోన్‌కు 2009 నుంచి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి ఉంది. కానీ కొలిచే కేంద్రాలు దాదాపు అన్నీ పట్టణాల్లో, పరిశ్రమల దగ్గరే ఉన్నాయి. 2019లో వచ్చిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం గురి కూడా ప్రధానంగా ధూళి కణాలే. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల గ్రామీణ ప్రాంతపు ఓజోన్‌ను కొలిచింది. ఆ అనుభవాన్ని శేషాచలం అడవుల్లోకి తీసుకెళ్లాలి. అక్కడి ఎర్రచందనం పొడి నెలల్లో ఆకు రాల్చి మళ్లీ చిగురిస్తుంది. ఐరోపా క్యాలెండర్ దానికి సరిపోదు. ఏ నెలలో చిగురు వస్తుందో, అప్పుడు గాలిలో ఎంత ఓజోన్ ఉందో పక్కపక్కన పెట్టి చూస్తేనే ముప్పు తెలుస్తుంది.

ఇందుకు భారీ ఖర్చు అవసరం లేదు. నమూనా పరికరాలు, ఆకుల మీద మచ్చలు గుర్తుపట్టేలా శిక్షణ పొందిన బీట్ ఆఫీసర్లు, కాలుష్య నియంత్రణ మండలికీ అటవీశాఖకూ ఉమ్మడిగా ఒక రిజిస్టరు ఉంటే పని మొదలవుతుంది. కాలిఫోర్నియాలో పొగకు కళ్లెం వేశాక ఓజోన్ తగ్గింది, పైన్ ఆకుల గాయాలూ తగ్గాయి. అక్కడ కారణం తెలిసేసరికే ఎన్నో చెట్లు పోయాయి. మనకు కారణం ముందే తెలుసు. కొలవడమే మిగిలింది.