భయంతో చదువు వస్తుందా?

బాలలూ! “భయముంటేనే చదువు వస్తుంది” అని పెద్దలు అనగా మీరు వినే ఉంటారు. ఈ మాటలో నిజమెంత?

భయపడినప్పుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. కాసేపటి భయం మనల్ని అప్రమత్తం చేస్తుంది. అది మంచిదే. రోజుల తరబడి ఉంటేనే చిక్కు.

అటువంటి హార్మోనే ఎలుకల మెదడులోని హిప్పోక్యాంపస్‌కు చేరుతుందని 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రూస్ మెక్‌యూవెన్ బృందం చూపింది. కొత్త విషయాలు గుర్తుండడానికి తోడ్పడే భాగం అదే! చాలాకాలం ఒత్తిడిలో ఉంచిన ఎలుకలలో అక్కడి నాడీకణాల కొమ్మలు కురచ అయినట్లు తర్వాత తేలింది.

మెదడుకు కావలి కణాలు కూడా ఉన్నాయి. వీటికి 1919లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రియో హోర్తెగా మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. రోగక్రిములు వస్తే ఎదుర్కొనేవి ఇవే. ఎడతెగని ఒత్తిడిలో, ఏ క్రిమీ లేకున్నా, ఇవి రెచ్చిపోయి వాపు పుట్టించే పదార్థాలను వదలడం ఎలుకలలో కనిపించింది. మనుషులలో పరిశోధన సాగుతున్నది.

కనుక బెత్తం చూపి చదివించడం, విత్తనాలు చల్లి వేడినీళ్లు పోయడం వంటిదే అంటాను. మీరు కంటినిండా నిద్రపొండి. తెలియనిది జంకు లేకుండా అడగండి. కసరకుండా చెప్పడం మా ఉపాధ్యాయుల బాధ్యత.