రిమోట్ తెండి, బిల్లు తర్వాత చూద్దాం

మే నెల బిల్లు రాగానే మా వీధిలో నలుగురైనా దాన్ని పట్టుకుని నా దగ్గరికి వస్తారు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను కదా, మీటరు తప్పు తిరుగుతోందని నా నోటితో అనిపించుకోవాలని వాళ్ళ ఆశ. నేను మీటరు జోలికి పోను. ముందు ఏసీ రిమోట్ తెమ్మంటాను. దాని మీద 18 కనిపిస్తుంది. ఒక్కోసారి 16.

మాది ముత్తుకూరు. మేడెక్కితే నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన ఆ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు. మూడోదాన్ని 2022 అక్టోబరులో ప్రారంభించారు. బొగ్గు, బూడిద సంగతి ఇక్కడెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా పొదుపు మీద ఉపన్యాసాలు నాకు గిట్టవు. పడమటి గాలి తోలే రోజుల్లో మధ్యాహ్నానికి రావాల్సిన సముద్రపు గాలి పొద్దుగూకినా రాదు. ఆ ఉడుకులో రొయ్యల గుంటల గట్ల మీద తిరిగి ఇల్లు చేరిన మనిషి ఏసీ వేసుకుంటే విలాసమని ఎవరనగలరు? వేసుకోనీండి. నాకు పేచీ ఉన్నది ఆ రిమోట్‌తోనే.

18 పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం, కొళాయి ఇంకాస్త తిప్పితే నీళ్ళు ఇంకాస్త వచ్చినట్టు. ఏసీ అలా పనిచేయదు. పాతరకం దాంట్లో కంప్రెసర్ తిరిగితే తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. 18 పెట్టినా 26 పెట్టినా అదే జోరు. ఇన్వర్టర్ ఏసీ వేగం మార్చుకునేదే గానీ, గది 34లో ఉంటే 26 కోసం కూడా మొదట గట్టిగానే తిరుగుతుంది. తేడా అంతా తర్వాత తెలుస్తుంది. 26 దగ్గర నెమ్మదించాల్సింది 18 కోసం తెల్లవార్లూ ఆయాసపడుతుంది, మనం రగ్గు కప్పుకుంటాం.

ఇది మనవాళ్ళ అమాయకత్వం అనుకోవద్దు. విల్లెట్ కెంప్టన్ అనే పరిశోధకుడు అమెరికా ఇళ్ళలో హీటర్ల థర్మోస్టాట్లను జనం ఎలా వాడుతున్నారో అడిగి తెలుసుకుని 1986లోనే రాశాడు. అక్కడా కొందరిది ఇదే నమ్మకం. తర్వాత ఏ గంటకు ఎంత వేడి ఉండాలో ముందే నిర్ణయించుకునే థర్మోస్టాట్లు వచ్చాయి. వాటికి ప్రభుత్వం తరఫున ఎనర్జీ స్టార్ గుర్తు కూడా ఇచ్చేవారు. ఇళ్ళలో అనుకున్న పొదుపు తేలకపోవడంతో 2009 చివర్లో ఆ గుర్తు ఆపేశారు. పరికరం తెలివైనదే. దాన్ని సెట్ చేయడం మాత్రం ఇంట్లోవాళ్ళకు కొరకరాని కొయ్య అయింది.

మన రిమోట్ సంగతి చూడండి. మా వీధి చివర ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. కొడుకు బెంగళూరు నుంచి వచ్చి ఏసీ పెట్టించి వెళ్ళాడు. ‘ఏసీ తిరగతానే ఉండాది గానీ చల్లదనం రాలా నాయనా’ అని ఒకరోజు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికే మెకానిక్ వచ్చి పోయాడు. ఒక్క బటన్ నొక్కి 500 తీసుకున్నాడట. చీకట్లో ఆమె చెయ్యి తగిలి, మంచుపువ్వు గుర్తు పోయి ఫ్యాన్ గుర్తు వచ్చింది, అంతే. తెర వెనక దీపం లేదు. బటన్ల మీద మోడ్, స్వింగ్, టర్బో అని ఇంగ్లిష్ అక్షరాలు, అవి కూడా చీమ తలకాయంత. ఆమె తెలుగు పేపరు రోజూ పొల్లు పోకుండా చదువుతుంది.

ఇంకో తిరకాసుంది. తెర మీద కనిపించే అంకె రిమోట్‌ది, ఏసీది కాదు. ఏసీకి ఎదురుగా పట్టుకోకుండా నొక్కారనుకోండి, తెర మీద 26 వస్తుంది, ఏసీ మాత్రం 20లోనే ఉంటుంది. బీప్ మని వినపడితేనే ఆజ్ఞ అందినట్టు. ఈ మాట కొన్నప్పుడు ఎవరైనా చెప్పారా? చంద్రవంక బొమ్మ నొక్కితే నిద్రపోయాక చాలా ఏసీలు వాటంతటవే ఒకటి రెండు డిగ్రీలు పెంచుకుంటాయి. రాత్రి వాడకానికి అంతకంటే పనికొచ్చే బటన్ లేదు. దాన్ని నొక్కినవాళ్ళను మా వీధిలో నేనింకా చూడలేదు. ఆ మాటకొస్తే ఫ్రిజ్ లోపలి గుండ్రటి మీటా అంతే. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుందో తగ్గుతుందో ఇంట్లో అడిగి చూడండి. పెరుగుతుంది.

డబ్బు లెక్కకొద్దాం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. మే నెలలో 300 యూనిట్లు కాల్చే ఇంట్లో ఏసీ వాటా 200 అనుకుందాం. 23 బదులు 26 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే 36 యూనిట్లు తగ్గుతాయి. తగ్గేవి పై స్లాబువి. 226 నుంచి 400 దాకా యూనిట్ రూ.8.75 కనుక నెలకు రూ.315. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. మా తీరంలో ఉక్కపోతే అసలు బాధ. ఏసీ చెమ్మను లాగేస్తుంటే, పైన ఫ్యాన్ తిరుగుతుంటే 26లో హాయిగా నిద్ర పడుతుంది. ఉప్పుగాలి బయట యూనిట్ రేకులను తినేస్తుంది కాబట్టి దాన్ని ఏటా శుభ్రం చేయించడం మాత్రం మరవద్దు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. కానీ నేను చూసిన రిమోట్లలో ఆ 24 ఆయుష్షు మొదటిసారి బటన్ నొక్కేదాకానే. ఆ తర్వాత నిన్న పెట్టిన 18నే గుర్తుపెట్టుకుని ఇవాళా అదే పంపుతాయి. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ ఏసీల పరిధిని 20 నుంచి 28 డిగ్రీలకు కుదిస్తామన్నారు. కుదించండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ 20కి గొళ్ళెం పెడితే జనం 20 దగ్గరే కూర్చుంటారు. 26కు వెళ్ళే దారి చూపించేది రిమోటే.

కాబట్టి బీఈఈ వాళ్ళకు నా విన్నపం. ఏసీకి చుక్కలిచ్చేటప్పుడు రిమోట్‌ను కూడా పరీక్షించండి. ఆన్ చేసిన ప్రతిసారీ 24 నుంచే మొదలవ్వాలి. చీకట్లో కనపడే తెర, పెద్ద అంకెలు, అమ్మే రాష్ట్రపు భాషలో బటన్ల పేర్లు ఉండాలి. ఆ రాత్రి ఎన్ని యూనిట్లు కాలాయో తెల్లారేసరికి ఏసీ మీదే కనపడాలి. ఇప్పుడు కొన్ని ఏసీల్లో ఈ లెక్క ఫోన్ యాప్‌లో వస్తోంది. పెద్దావిడ దగ్గరున్నది బటన్ల ఫోను.