శ్వేత కుబ్జాల లోగుట్టు తెలియాలంటే రంగాపూర్ మేల్కొనాలి

శ్వేత కుబ్జ తారను ఎంత పెద్ద దుర్భిణీతో చూసినా కనిపించేది ఒక చుక్కే. సూర్యుడి వంటి నక్షత్రం ఇంధనం అయిపోయి, భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోతే మిగిలేది అదే. దాని గర్భంలో కార్బన్ ఎంత, ఆక్సిజన్ ఎంత, పైన హీలియం, హైడ్రోజన్ పొరల మందమెంత అన్నది వెలుగులోని హెచ్చుతగ్గులను, అంటే తార స్పందనలను బట్టే తెలుస్తుంది, కుండను తట్టి మోతను బట్టి గట్టితనం తెలుసుకున్నట్టు. తార అంతా ఒకే పదార్థమైతే ఒకే తరహా స్పందనల కాలవ్యవధులు దాదాపు సమాన దూరాల్లో ఉండాలి. ఒక మూలకం నుంచి మరో మూలకానికి మారే చోట తేలుడు బలం మారుతుంది, కొన్ని అలలు అక్కడే చిక్కుకుంటాయి, ఆ సమాన దూరం చెదురుతుంది. ఎంత చెదిరిందో కొలిస్తే పొరల జాడ దొరుకుతుంది. జీ117-బీ15ఏ అనే శ్వేత కుబ్జం చల్లబడే కొద్దీ దాని 215 సెకన్ల స్పందన కాలం అత్యంత నెమ్మదిగా మారుతోంది. ఆ మార్పు వేగం కార్బన్, ఆక్సిజన్ గర్భానికి సరిపోతోంది. గర్భం అంతకంటే బరువైన మూలకాలదైతే తార ఇంకా త్వరగా చల్లబడి ఉండేది.

ఈ లెక్కలను నమ్మవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. గర్భంలోని మార్పు, పై పొరల్లోని మార్పు కొన్నిసార్లు ఒకే రకమైన జాడ వదులుతాయి. 2018లో కెప్లర్ వ్యోమనౌక పరిశీలనల ఆధారంగా ఒక తార గర్భంలో ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న భాగం, సిద్ధాంతం చెప్పినదానికంటే సుమారు 40 శాతం ఎక్కువ ద్రవ్యరాశితో ఉందని తేలింది. ఆ లెక్కలో న్యూట్రినోలు మోసుకుపోయే శక్తిని చేర్చలేదని ఇతరులు తప్పుపట్టారు. అయితే ఇటువంటి సందేహాలను తీర్చేవి మరిన్ని స్పందనల కొలతలే. అందుకు విరామం లేని చూపు కావాలి. 1989లో పలు ఖండాల దుర్భిణీలు వంతులవారీగా పీజీ 1159-035 తారను 264 గంటలపాటు చూసి 125 స్పందనలను వేరుచేశాయి. భారత శాస్త్రవేత్తలు కూడా ఆ బృందంలో ఉన్నారు. తెలుగునాట అర్ధరాత్రి అయ్యేసరికి టెక్సస్‌లో మిట్టమధ్యాహ్నం, హవాయిలో ఉదయం. ఆ వేళ ఆకాశాన్ని కనిపెట్టి ఉండవలసింది మన రేఖాంశమే.

హైదరాబాద్ సమీపంలోని రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర నెలకొల్పిన 48 అంగుళాల దుర్భిణీ ఇందుకు తగిన పరికరం. అది చాలాకాలంగా పనిలేకుండా పడి ఉంది. అంతరిక్ష దుర్భిణీలుండగా ఇదెందుకని అడగవచ్చు. టెస్ వ్యోమనౌక కెమెరాల ద్వారం సుమారు 10 సెంటీమీటర్లే, శ్వేత కుబ్జాలేమో మసక తారలు. పైగా జీ117-బీ15ఏ మార్పును పట్టింది 1970ల నుంచి నేల మీద సాగిన కొలతలే. ఏ ఒక్క వ్యోమనౌకా అన్ని దశాబ్దాలు నిఘా వేయలేదు. వానాకాలం మబ్బులు, నగరపు వెలుగు అసలైన అడ్డంకులే. కానీ వాన నెలలు పోగా మిగిలే రాత్రులు చాలానే ఉంటాయి, వేగంగా కొలిచే కెమెరా ఖర్చు కొత్త వేధశాల ఖర్చుతో పోలిస్తే తక్కువ. నగరపు వెలుగు ఎక్కువైతే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి చీకటి గల కొండపై మరో చోటు వెదకాలి. విశ్వవిద్యాలయాలు ఈ పని వెంటనే చేపట్టాలి. మన విద్యార్థులు ఇతరుల కొలతలు చదవడంతో సరిపెట్టుకోకుండా, తామే కొలిచి ఈ వాదంలో సాక్ష్యం చెప్పగలగాలి.