శిక్షణ యెవరికి?

ఉద్యోగినులైన తల్లులకు ఇంటిని, కొలువును సరిదిద్దుకొను విధము నేర్పుటకై మన సంఘము శిక్షణ తరగతులు నడుపవలెనని కొందరు సభ్యులు సూచించియున్నారు. పట్టణమునుండి ఉపన్యాసకురాలిని రప్పించి, దినచర్య పట్టికలు పంచిపెట్టవలెనని వారి సంకల్పము. ఉద్దేశము మంచిదే. అయినను మేము దీనిని వ్యతిరేకించుచున్నాము. జబ్బు ఒకరిదైన మందు మరియొకరికి పోసినట్లున్నది.

పాతపాళ్యలో తల్లి దినమెట్లు గడచుచున్నదో చూడుడు. ఉపాధ్యాయిని కానిండు, నర్సు కానిండు, గార్మెంట్సు పనికి పోవునది కానిండు, కోడికూతకు లేచి, వంట ముగించి, బిడ్డను అత్తకో పొరుగమ్మకో అప్పగించి బస్సునకు పరుగిడును. పొద్దుగూకి బస్సు దిగినంతనే మరల పొయ్యి. పట్టుపురుగులు మేపు ఇల్లాలికి ఆ బస్సు ప్రయాణపు విశ్రాంతియు లేదు. నాలుగవ జ్వరము తీరిన పురుగు రేయింబవళ్ళు ఆకు కోరును. చంకబిడ్డ పాలు కోరును. చేరెడు రాగిపిండితో ఇంటిల్లిపాదికి సంగటి కెలుకు ఈ చేతులకు పొదుపు నేర్పగల పండితులెవరు?

“మన తల్లులు చేయలేదా?” అని పెద్దలు అడుగుదురు. చేసిరి. కాని ఆనాడు ఒక్క కప్పు క్రింద అత్త, తోడికోడలు, ఆడబిడ్డ ఉండిరి. పొలము ఇంటి ప్రక్కనే యుండెను. నేడు కొడుకులు బెంగుళూరు చేరిరి, ఇండ్లు చీలినవి. పని మాత్రము చీలలేదు. అంతయు ఒక్కతె నెత్తినే పడినది.

మా తప్పును దాచము. అంగడి మూసి, కాళ్ళు కడుగుకొని కంచము ముందు కూర్చుండుటయే ఇన్నేండ్లుగా మా గృహకృత్యము. మా అంగడిలో పద్దులు వ్రాయు తల్లి యొకతె, బిడ్డకు జ్వరమని రెండు దినములు రాకున్న, ఆ కూలి కోసినవారము మేమే. ఆ పద్దు మా మనస్సున నేటికిని చెల్లలేదు.

శిక్షణ యన్న మాటను మేము తూలనాడుట లేదు. మదరాసులో 1937లో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్త్రీలకు చదువు చెప్పి పరీక్షలకు పంపిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. 1958లో, చదువు నడుమ ఆగిన స్త్రీలకై ఆ మండలి సంక్షిప్త విద్యాక్రమములను ప్రారంభించెను. అదియే శిక్షణ! స్త్రీ చేతికి పట్టా, జీతము అందించినది. నిద్ర తగ్గించుకొనుట యెట్లో ఆమె నేర్పలేదు.

చట్టములు, పథకములు లేవా యందురేమో. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణము ఇరువదియారు వారముల సెలవు నిచ్చి, ఏబదిమంది పనిచేయు చోట శిశుసంరక్షణాలయ ముండవలెనని విధించెను. మన అంగళ్ళలో పనివారు నలుగురైదుగురే. ఆ విధి మన గడప తొక్కదు. 2023 జూన్ 11 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు బస్సు టిక్కెట్టు లేదు. సంతోషమే, కాని దారిలో బిడ్డ నెత్తుకొనువారు లేరు. అంగన్‌వాడీ తలుపు తల్లి బస్సు దిగకమునుపే మూతపడును. మూడేండ్లలోపు పిల్లలకై నాలుగువేల గ్రామపంచాయతీలలో “కూసిన మనె” నెలకొల్పుదుమని 2023లో ప్రభుత్వము ప్రకటించెను. మన పంచాయతీని ఆ విషయమై నిలదీయుట మాని ఉపన్యాసములకు పందిళ్ళు వేయుదుమా?

కావున మా కోరికలు మూడు. ఒకటి: ఉపన్యాసములకు కేటాయింపదలచిన ద్రవ్యముతో సంఘ భవనమున ఒక గది శుభ్రపరచి, తగు జీతముపై ఆయా నుంచి, తొలి బస్సునుండి కడపటి బస్సువరకు పసిపిల్లలను చూడవలయును. పిల్లలు అచ్చట తెలుగు మాటలు, తెలుగు పాటలు వినుట మన సంఘమునకు అదనపు లాభము. రెండు: బిడ్డ జబ్బుపడిన దినమున తల్లి కూలి కోయమని సభ్యులైన వర్తకులందరు ఒప్పుకొనవలయును. ఆ ఒడంబడికపై మొదటి సంతకము మాది. మూడు: తరగతులు పెట్టియే తీరవలెనన్న, మగవారికి పెట్టుడు. అన్నము వార్చుట, బిడ్డకు నీళ్ళుపోయుట, తన కంచము తాను కడుగుట — ఇవి పాఠములు. మొదటి బల్లపై మేమే కూర్చుందుము.

తుదకొక మాట. ఈ సూచనపై ఒక్క తల్లి అభిప్రాయమైన అడిగితిమా? మన సమావేశములు సాయంకాలము యేడు గంటలకు, అనగా వారు పొయ్యి ముందున్న వేళకే జరుగుచున్నవి. వచ్చు సమావేశము ఆదివారము మధ్యాహ్నము జరుగుగాక. ఆనాటి వంట మగవారిదగుగాక. ఆ పిదప తల్లులు ఏది కోరిన అదియే తీర్మానము కావలయును.