పక్కవారితో మాట్లాడనివ్వండి

"అర్థమైందా?" అని మాస్టారు అడుగుతారు, "అయింది సార్" అని తరగతి అంతా ఒక్క గొంతుతో పలుకుతుంది. ఎందరికి నిజంగా అర్థమైందో ఎవరికీ తెలియదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్‌కు 1990ల మొదట్లో ఇదే ఎదురైంది. పరీక్షల్లో కష్టమైన లెక్కలు చేసేవారే న్యూటన్ మూడో నియమంపై మామూలు ప్రశ్నకు తడబడ్డారు. దాంతో ఆయన పాఠం తీరే మార్చారు. ప్రశ్న వేస్తారు. ముందు ఎవరికి వారు ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవారిని కారణాలు చెప్పి ఒప్పించాలి, మళ్లీ జవాబివ్వాలి. రెండోసారి సరైన జవాబులు సాధారణంగా పెరుగుతాయి. ఎందుకంటే ఇప్పుడిప్పుడే నేర్చుకున్నవారికి చిక్కు ఎక్కడుందో ఇంకా గుర్తుంటుంది. ఏళ్లుగా బోధిస్తున్నవారు దాన్ని మరచిపోతారు.

అమెరికాలోనే ఫ్రాంక్ లైమన్ 1981లో బడిపిల్లల కోసం ఇలాంటి పద్ధతినే ప్రతిపాదించారు. మన బడుల్లో దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, బెంచీలు కదపనక్కర్లేదు. కానీ ఊరికే "మాట్లాడుకోండి" అని వదిలేస్తే మిగిలేది గోలే. మొదటి నిమిషం మౌనంగా ఆలోచించనివ్వాలి. లేకుంటే చురుకైన పిల్ల చెబుతుంది, రెండో పిల్ల తలూపుతుంది. ఎవరు ముందు మాట్లాడాలో టీచరే చెప్పాలి. జతలను అప్పుడప్పుడు మార్చాలి. చివర్లో ఏ జతనైనా లేపి అడగాలి.

సిలబస్ వెనకబడుతుందన్న టీచర్ల భయం న్యాయమైనదే. అందుకే ఈ మార్పు భారాన్ని వారి ఒక్కరి మీదే వేయకూడదు. తనిఖీకి వచ్చే అధికారులు తరగతిలోని మాటల సందడిని క్రమశిక్షణారాహిత్యంగా రాసుకోవడం మానాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఈ పద్ధతిని ఉపన్యాసంగా కాక, టీచర్లనే జతలుగా కూర్చోబెట్టి చేయించాలి.