బందరులో మిగిలిన బాకీ

గత నెల ఒక నికాహ్ నిమిత్తం విజయవాడ వెళ్లవలసి వచ్చింది. మరునాడు వెంట వచ్చిన వారందరూ తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా మేము మాత్రం మచిలీపట్నం బస్సు ఎక్కాము. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం ఒకే ఒక్కసారి చూసిన ఊరు అది. అక్కడ మాకు బంధువులెవరూ లేరు. ఒక బాకీ మాత్రం ఉంది.

1987 షాబాన్ సెలవులలో మా ఉస్తాద్ గారు మదరసా కోసం దస్తర్‌ఖాన్‌లు, జానమాజ్‌లు కొనడానికి బందరు వెళ్తూ మమ్మల్ని వెంట తీసుకువెళ్లారు. అప్పటికి మాకు పదిహేడేళ్లు. ‘బందర్’ అంటే ఫారసీలో రేవు అనీ, గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో ఇక్కడి ఓడలు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు, ఎర్ర సముద్రం మీది మోఖాకు వెళ్లేవనీ, హజ్ యాత్రికులు కూడా వాటిలోనే పయనించేవారనీ దారి పొడవునా చెబుతూ వచ్చారు. బస్సు దిగగానే మేము సముద్రం కోసం వెదికాము. కనబడలేదు. ఉస్తాద్ గారు నవ్వి, రేవు పూడిపోయి ఎంతో కాలమైందన్నారు. డచ్చివారి సమాధులు చూపించారు. 1864 నవంబరు నాటి తుపానులో ముప్పై వేలమంది దాకా మరణించారని చెప్పారు. పూడిన రేవు, పాత సమాధులు ఆ వయసులో మమ్మల్ని అంతగా కదిలించలేదు.

తరువాత ఒక సందులోని కలంకారీ పనివారి ఇంటికి వెళ్లాము. ఆ ఇంటి పెద్దాయన అచ్చులు చెక్కడం, అద్దడం రెండూ తెలిసినవారు. కరక్కాయ రసంలో, గేదె పాలలో నానబెట్టి ఆరవేసిన బట్టల వాసన వాకిలి దాకా వచ్చేది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో ఊరవేసి నలుపు చేస్తారనీ, ఎరుపు నిలవడానికి పటిక వాడతారనీ ఆయనే ఓపికగా వివరించారు. ఉస్తాద్ గారు ముందు గదిలో బేరమాడుతున్నారు. పెద్దాయన టేకు చెక్కపై ఒక నెమలిని చెక్కుతూ, పింఛంలోని ఒక్కొక్క కన్నును సన్నని ఉలితో తొలుస్తున్నారు.

మేము ఊరుకోలేదు. “చాచా, ప్రాణమున్న వాటి బొమ్మలు చెక్కిన సంపాదన మీకు ఎలా మింగుడు పడుతోంది?” అన్నాము. ఇద్దరు పనివారి ఎదుట, ఆయన పదేళ్ల కుమారుని ఎదుట అన్నాము.

ఆయన ఉలి క్రింద పెట్టారు. అటక మీది నుండి మరొక అచ్చు దించి మా చేతిలో ఉంచారు. మిహ్రాబ్, దానికి ఇరువైపులా సరుగు వంటి సర్వ్ చెట్లు, అంచున లతలు. ఒకప్పుడు ఇరాన్ వర్తకులు కోరి చేయించుకున్న తరహా జానమాజ్ అచ్చు అది. “ఇదీ ఈ చేతి పనే, బేటా” అని మాత్రం అన్నారు. తరువాత మాకు చాయ్ తెప్పించారు.

తిరుగు బస్సులో ఈ సంగతి మేమే గర్వంగా ఉస్తాద్ గారికి చెప్పాము. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. “మస్అలా చెప్పడానికి అదా చోటు? అదా తీరు? ఆయన నిన్ను మాఫ్ చేయాలి” అన్నారు. మళ్లీ వచ్చినప్పుడు అడుగుతామన్నాము.

మళ్లీ వెళ్లలేదు. ఉత్తరం ముక్కయినా వ్రాయలేదు. బొమ్మల మస్అలాలో మా అభిప్రాయం నాటికీ నేటికీ ఒక్కటే. కానీ ఆ రోజు మేము మాట్లాడింది మస్అలా కోసం కాదని మా మనసుకు తెలుసు. కొత్తగా నేర్చిన చదువును ఎవరి మీదనైనా ప్రయోగించి చూడాలనే ఉబలాటం అది. ప్రతి ఏటా విద్యార్థులకు హుఖూఖుల్ ఇబాద్ బోధిస్తూ, తోటి మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మన్నించాలని చెప్పేటప్పుడు ఆ టేకు పొట్టు మా కళ్ల ముందు రాలేది.

ఇప్పుడు బందరుకు వెడల్పాటి జాతీయ రహదారి ఉంది. 2023లో పనులు మొదలైన కొత్త ఓడరేవుకు లారీలు పోతున్నాయి. కోనేరు సెంటరు దాకా గుర్తు పట్టగలిగాము. ఆ తరువాత తెలియలేదు. ఆ ఇంటి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. జుహర్ నమాజు తరువాత మసీదులో ఒక వృద్ధుణ్ణి అడిగితే, ఆ కుటుంబం పెడనకు తరలిపోయిందన్నారు. ఆటోలో వెళ్లాము.

నాటి పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు గడ్డం నెరిసింది. తండ్రి పోయి పదకొండేళ్లయిందట. స్క్రీన్ మీద అద్దిన బట్టనే కలంకారీ అని సగం ధరకు అమ్ముతున్నారనీ, తన పెద్ద కుమారుడు ఈ పని వద్దని రేవు దగ్గర లారీ నడుపుతున్నాడనీ చెప్పారు. మేము వచ్చిన పని చెప్పాము.

“మీరేనా!” అని నవ్వారు. “అబ్బాజాన్ ఆ మాట అందరికీ చెప్పి నవ్వేవారు. నెమళ్లను చెక్కడం మానలేదు. కాకపోతే మదరసా పిల్లలెవరైనా వస్తుంటే మాత్రం ఆ అచ్చుల మీద గుడ్డ కప్పేవారు.”

మాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, తండ్రి తరఫున మాఫ్ చేయమని ఆయన్ను అడిగాము.

“నా సంగతి నేను చెప్పగలను మౌల్వీ సాబ్, నాకేమీ లేదు. అబ్బాజాన్ సంగతి నేనెలా చెప్పను?” అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. ధర్మం తెలిసినవాని మాట అది. అస్ర్ తరువాత తానే మమ్మల్ని ఖబ్రస్తాన్‌కు తీసుకువెళ్లారు. దుఆ చేశాము.

వచ్చేటప్పుడు ఒక జానమాజ్ కొన్నాము. ఆయన ధర తగ్గించబోయారు, మేము ఒప్పుకోలేదు. తండ్రి అచ్చులు కొన్ని ఇంకా వాడుతున్నామన్నారు గానీ, ఇది వాటితో అద్దినదేనా అని అడగడానికి మాకు ధైర్యం చాలలేదు.

షవ్వాల్‌లో మదరసా తెరుస్తారు. ఆ పాఠం మళ్లీ మేమే చెప్పాలి.